డీఎన్‌ఏలో పారేది కరెంటా, తడా?

కిందటి నెల ఈ శీర్షికలో డీఎన్‌ఏకి కరెంటును మోసే గుణం కొంత ఉందని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ ఒక్క వాక్యం మీద వచ్చిన ఉత్తరాలు చూశాక, అలా వదిలేయడం తప్పని అర్థమైంది. కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. అడిగినవాళ్ళు ఎవరైనా, ఎటు తిప్పి అడిగినా, ప్రశ్నలన్నీ చివరికి ఒకే చోటికి వచ్చి ఆగుతున్నాయి: ఆ డీఎన్‌ఏ చుట్టూ ఏముంది?

*

“మాస్టారూ, మా పదో తరగతి పిల్లలతో ఉల్లిపాయ నుంచి డీఎన్‌ఏ తీయించాను. గ్లాసులో తెల్లటి దారాల్లా తేలింది. పుల్లకి చుట్టి పైకి తీసి, మల్టీమీటరు కొసలు రెండూ ఆనిస్తే 180 కిలో ఓమ్‌లు చూపించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాడు పొద్దున అదే దారానికి పెడితే మీటరు అసలు కదల్లేదు. ‘డీఎన్‌ఏ చచ్చిపోయిందా సార్’ అని ఒకడు అడిగాడు. వాడికేం చెప్పను?”
— ఫిజికల్ సైన్స్ టీచరు, తెనాలి

చచ్చిపోలేదు, ఆరిపోయిందని చెప్పండి.

మీరు గ్లాసులో ఏమేం పోశారో గుర్తు చేసుకోండి. ఉల్లిపాయ రసం, గిన్నెలు తోమే లిక్విడ్, చెంచాడు ఉప్పు, చివర్లో గ్లాసు అంచు వెంబడి మెల్లగా చల్లటి స్పిరిట్. పుల్లకి చుట్టుకొని పైకొచ్చిన ఆ జిగురు ముద్దలో డీఎన్‌ఏ కన్నా నీళ్ళే ఎక్కువ. ఆ నీళ్ళలో ఉప్పు తాలూకు సోడియం, క్లోరైడ్ అయాన్లు ఈదుతున్నాయి. మీటరులోని బ్యాటరీ ఒత్తిడికి అటూ ఇటూ కదిలి కరెంటు మోసింది అవే. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని ఇంట్లో అమ్మలు అరిచేది ఎందుకో, మొదటి రోజు మీ మీటరు కదిలింది కూడా అందుకే. రాత్రంతా ఫ్యాను గాలికి తడి ఆరింది, ఉప్పు గడ్డకట్టి కదలకుండా కూర్చుంది, మీటరు నోరు మూసుకుంది.

ఇంకో సంగతి. డీఎన్‌ఏ అణువు మందం 2 నానోమీటర్లు. మీ మల్టీమీటరు కొసల మధ్య దూరం కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు ఉండి ఉంటుంది. ఈ కొస నుంచి ఆ కొసకి సాగిన అణువు ఒక్కటి కూడా ఆ ముద్దలో ఉండదు. కోట్లాది అణువులు చిక్కుపడిన పీచు అది, పైగా ప్రోటీన్లూ పెక్టిన్లూ కలిసి ఉంటాయి. కాబట్టి డీఎన్‌ఏలో కరెంటు పారుతుందా అన్న ప్రశ్నకి మీ కొలత అవుననీ కాదనీ చెప్పదు.

అయినా మీ పిల్లల చప్పట్లు వృథా కాలేదు. ఈ రంగంలో పనిచేసే వాళ్ళని ఏళ్ళ తరబడి తికమక పెట్టిన అనుభవమే మీకు ఒక్క రాత్రిలో ఎదురైంది.

*

“జెల్ ఎలక్ట్రోఫోరెసిస్‌లో డీఎన్‌ఏ కరెంటు వల్లే కదులుతుంది కదా. అంటే డీఎన్‌ఏ విద్యుద్వాహకం అన్నట్టే కదా సార్?”
— ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ విద్యార్థిని, వరంగల్

కాదమ్మా. కాలవలో కొట్టుకుపోయే దుంగ వేరు, నీళ్ళు మోసే గొట్టం వేరు. జెల్‌లో డీఎన్‌ఏ దుంగ లాంటిది. దాని వెన్నెముక పొడుగునా ఫాస్ఫేట్ల ఋణావేశం ఉంది కాబట్టి ధన ధ్రువం వైపు తనే కదిలిపోతుంది. మీ పవర్ ప్యాక్ మీద కనిపించే మిల్లీ ఆంపియర్లలో దాదాపు అంతా బఫర్‌లోని అయాన్ల పనే. ఎప్పుడైనా బఫర్ మరిచిపోయి డిస్టిల్డ్ వాటర్‌తో జెల్ పోసి చూశారా? కరెంటు దాదాపు సున్నా, డీఎన్‌ఏ గుంటలోంచి సరిగ్గా బయటికే రాదు. బఫర్ మరీ చిక్కగా కలిపితే కరెంటు పెరిగి జెల్ వేడెక్కి కరుగుతుంది. రెండు తప్పులూ ప్రతి ల్యాబులోనూ జరిగేవే.

అణువు తాను కదలకుండా, ఒక కొస నుంచి ఇంకో కొసకి తన లోపలి గుండా ఎలక్ట్రాన్లని పంపగలదా అన్నది వేరే ప్రశ్న. మిగతా ఉత్తరాలు ఎక్కువగా దాని గురించే.

*

“డీఎన్‌ఏ ఇన్సులేటర్ అని ఒక వ్యాసంలో, సెమీకండక్టర్ అని ఇంకో దాంట్లో, సూపర్ కండక్టర్ అని మరో దాంట్లో చదివాను. ముప్పై ఏళ్ళు విద్యుత్ శాఖలో పనిచేసినవాణ్ణి. ఒక తీగ మూడు రకాలుగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.”
— రిటైర్డ్ ఇంజనీరు, రాజమహేంద్రవరం

మీరు చదివినవి మూడూ నిజంగా అచ్చయినవే, అదీ పెద్ద పత్రికల్లోనే. కథ మొదటి నుంచి చెబుతాను.

డీఎన్‌ఏని మెలితిప్పిన నిచ్చెన అనుకుంటే మెట్లు బేస్‌లు అనే బల్లపరుపు అణువుల జంటలు. ఒకదాని మీద ఒకటి 0.34 నానోమీటరు ఎడంలో పేర్చి ఉంటాయి. ఆ ఎడంలో ఒక మెట్టు మీది పై-ఎలక్ట్రాన్ల మబ్బు పక్క మెట్టు మబ్బును తాకుతుంది కాబట్టి అటుగా కరెంటు పోవచ్చని 1962లో ఇంగ్లండులో ఎలీ, స్పైవీ అన్న ఇద్దరు శాస్త్రవేత్తలు అన్నారు. వాళ్ళు కొలిచింది ఎండబెట్టిన డీఎన్‌ఏని. ఆ తర్వాత చాలాకాలం ఈ విషయం మూలపడి ఉంది. 1993లో అమెరికాలో జాక్వెలిన్ బార్టన్ బృందం, కాంతి తగిలినప్పుడు డీఎన్‌ఏ గుండా 4 నానోమీటర్లకు పైగా దూరం ఎలక్ట్రాన్ పోయిందని ప్రకటించాక మళ్ళీ గొడవ మొదలైంది.

ఇక అక్కడి నుంచి సంక్రాంతి పందాల్లా నడిచింది. 1998లో ఇజ్రాయెల్ టెక్నియాన్ వాళ్ళు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 16 మైక్రోమీటర్ల డీఎన్‌ఏని సాగదీసి చూసి ఇది ఇన్సులేటర్ అన్నారు. 1999లో స్విట్జర్లాండు బాజెల్‌లో ఫింక్, షోనెన్‌బర్గర్ మంచి సెమీకండక్టర్ అన్నారు. 2000లో నెదర్లాండ్స్ డెల్ఫ్ట్ వాళ్ళు 10 నానోమీటర్ల చిన్న ముక్క తీసుకొని, కొంత వోల్టేజి దాటితేనే కరెంటు పారే సెమీకండక్టర్ అన్నారు. 2001లో కసుమోవ్ బృందం, సూపర్ కండక్టర్ ఎలక్ట్రోడ్ల మధ్య పెట్టి 1 కెల్విన్ కన్నా చల్లబరిస్తే ఆ గుణం డీఎన్‌ఏకీ అంటుకుంటోందంది.

వీళ్ళలో అబద్ధం ఆడినవాళ్ళు ఎవరూ లేరు. పేరు ఒకటే అయినా కొలిచిన వస్తువు ఒకటి కాదు, అదే ఇబ్బంది. పొడుగు ఒకరిది 16,000 నానోమీటర్లయితే ఇంకొకరిది 10. ఒకరు శూన్యంలో కొలిచారు, ఒకరు గాలిలో. బాజెల్ వాళ్ళు అణువును చూడడానికి వాడిన ఎలక్ట్రాన్ పుంజమే దాని మీద మసి పట్టించి కరెంటు పారేలా చేసి ఉండొచ్చని మరుసటి ఏడాదే స్పెయిన్ నుంచి ఒక బృందం చూపించింది. అభ్రకం రేకు మీద పరిచిన డీఎన్‌ఏ అతుక్కుపోయి 2 నానోమీటర్ల మందం 1కి తగ్గి కరెంటును ఆపేస్తుందని తర్వాత తేలింది. డెల్ఫ్ట్ వాళ్ళు చేసిన ఒక పని మాత్రం నాకు ఇప్పటికీ నచ్చుతుంది. కరెంటు కొలిచాక డీఎన్‌ఏని కోసేసే ఎంజైమును వేసి మళ్ళీ కొలిచారు. కరెంటు ఆగింది. అంటే పారింది డీఎన్‌ఏ ఉన్న దారినే. ఈ పాటి జాగ్రత్త ఆ రోజుల్లో అందరూ పడలేదు.

వీటన్నిటికీ పైన తేమ. ఎండిన డీఎన్‌ఏ పొర చుట్టూ గాలిలో తేమ పెంచుకుంటూ పోతే దాని వాహకత పదుల రెట్లు కాదు, వేల రెట్లు పెరుగుతుందని 2002 ప్రాంతంలో కొరియా, జపాన్ ప్రయోగాలు చెప్పాయి. హెచ్చు ఫ్రీక్వెన్సీ ఏసీలో డీఎన్‌ఏ మంచి వాహకమని 2000లో అచ్చయిన ఫలితానికి 2004లో కాలిఫోర్నియాలో గ్రూనర్ బృందమే వేరే అర్థం చెప్పింది: అది చాలా వరకూ డీఎన్‌ఏని పట్టుకొని ఉన్న నీటి అణువులు అటూ ఇటూ తిరగడం వల్ల వచ్చిన నష్టమట. తమ కొలత తామే తిరగరాసుకోవడానికి గుండె కావాలి.

నా సంగతీ చెప్పాలి. రిసెర్చి రోజుల్లో నేనూ గాజు పలక మీద బంగారు గీతల మధ్య సాల్మన్ చేప డీఎన్‌ఏ పొర పోసి కొలిచేవాణ్ణి. ఏప్రిల్, మే నెలల్లో ఏమీ వచ్చేది కాదు. జులైలో ఒక వారం కరెంటు పెరుగుతూ పోయింది. గ్రాఫు గీసుకొని పరిగెత్తుకుంటూ మా గైడు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గ్రాఫు చూడలేదు. కిటికీలోంచి వాన చూసి, “ఇవాళ గదిలో తేమ ఎంత?” అని అడిగారు. నా నోట్‌బుక్‌లో ఆ గడే లేదు. మూడు నెలల పని పోయింది.

మీ ప్రశ్నకు సూటిగా: నీళ్ళలో సహజమైన ఆకారంలో ఉన్న చిన్న డీఎన్‌ఏ ముక్క కరెంటును మోస్తుంది, కొద్దిగా. 2004లో అరిజోనాలో టావో బృందం బఫర్ ద్రావణంలోనే ఒక్కొక్క అణువునూ బంగారు సూదికీ బంగారు పలకకీ మధ్య పట్టి కొలిచింది. అయాన్ల కరెంటు కలవకుండా సూదికి మొన తప్ప మిగతాదంతా ఇన్సులేషన్ పూత వేశారు. గ్వానైన్, సైటోసిన్ జంటలు 8 ఉన్న ముక్క నిరోధం దాదాపు 10 మెగా ఓమ్‌లు వచ్చింది. పొడుగు 3 నానోమీటర్లు కూడా లేని తీగకి 10 మెగా ఓమ్‌లంటే మీ శాఖలో దాన్ని తీగ అనరని నాకు తెలుసు.

*

“బేస్ జంటలు హెలిక్స్ లోపల, నీళ్ళకి దూరంగా ఉంటాయి. ఫాస్ఫేట్లు బయట కవచంలా ఉంటాయి. మరి బయటి నీళ్ళు, అయాన్లు లోపల జరిగే చార్జ్ ట్రాన్స్‌ఫర్‌ని ఎలా ప్రభావితం చేస్తాయి?”
— రిసెర్చ్ స్కాలర్, హైదరాబాద్

వచ్చిన వాటిలో నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టిన ఉత్తరం ఇది.

ముందు బయటి సన్నివేశం చూద్దాం. హెలిక్స్ అక్షం వెంబడి ప్రతి 0.17 నానోమీటరుకీ ఒక ఋణావేశం. అంత దట్టంగా ఆవేశం పేరిస్తే సోడియం అయాన్లు బెల్లం చుట్టూ చీమల్లా చేరక మానవు. మానింగ్ సిద్ధాంతం ప్రకారం నీళ్ళలో ఆ ఆవేశంలో దాదాపు 76 శాతం సోడియం లాంటి ఏకసంయోజక అయాన్ల వల్లే చెల్లిపోతుంది. వాటి చుట్టూ, వాటి మధ్య నీరు. అడినైన్, థైమీన్ ఎక్కువగా ఉన్నచోట సన్న గాడిలో నీటి అణువులు వరసగా వెన్నుపూసల్లా కూర్చుని ఉండడాన్ని 1981లో డ్రూ, డికర్సన్ స్ఫటికంలో చూశారు. కాబట్టి బేస్‌లు నీళ్ళకి దూరంగా ఉన్నాయన్న మాట సగమే నిజం. తాకకపోయినా నీళ్ళ విద్యుత్ క్షేత్రం వాటిని అందుకుంటుంది. క్షేత్రానికి గోడ అడ్డం కాదు.

ఇక లోపల. డీఎన్‌ఏలో పారేది చాలా సందర్భాల్లో ఎలక్ట్రాన్ ఖాళీ, మనం హోల్ అనేది. అది కూర్చోవడానికి ఇష్టపడే చోటు గ్వానైన్. ఎలక్ట్రాన్‌ని లాగడానికి గ్వానైన్ దగ్గర 1.29 వోల్టులు చాలు, అడినైన్‌కి 1.42 కావాలి. తేడా 0.13. గది ఉష్ణోగ్రతలో అణువుల కదలికకి ఉండే శక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులే కనుక ఈ తేడా చిన్న గట్టు కాదు. అంకెలు మాత్రమే చూస్తే గ్వానైన్ మీద కూర్చున్న హోల్ అడినైన్ మీదికి ఎక్కడం కష్టం.

కానీ ఈ అంకెలు కదలకుండా నిలబడి ఉండవు. నీటి అణువులు పికోసెకన్లలో తిరుగుతుంటాయి, సోడియం అయాన్లు జరుగుతుంటాయి. ఆ కదలికకి ఒక్కో బేస్ శక్తి స్థాయి 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల వరకూ పైకీ కిందికీ ఊగుతుందని కుబార్, ఎల్స్ట్నర్ లెక్కలు చెబుతున్నాయి. అంటే ఊగుడు గట్టు కన్నా పెద్దది. గోదావరి రేవులో పడవ ఎక్కేటప్పుడు చూడండి. పడవ అంచు రేవు మెట్టు కన్నా కిందో పైనో ఊగుతుంటుంది. అలకి లేచి రెండూ సమమైన క్షణంలో అడుగు వేస్తాం. హోల్ కూడా అంతే: నీళ్ళు తమ ఊగుడుతో గ్వానైన్, అడినైన్ స్థాయిలను ఒక్క క్షణం సమం చేసినప్పుడు దాటుతుంది. ఎలక్ట్రాన్ బదిలీకి ద్రావణి ఇలా సాయపడుతుందన్న ఆలోచన రుడాల్ఫ్ మార్కస్‌ది, దానికే ఆయనకి 1992లో నోబెల్ వచ్చింది.

అదే నీరు అడ్డం కూడా పడుతుంది. హోల్ ఒక గ్వానైన్ మీద కాసేపు ఆగిందనుకోండి. చుట్టూ ఉన్న నీటి అణువులు తమ ఋణ కొసను దాని వైపు తిప్పుకొని సర్దుకుంటాయి. కొత్త పరుపు మీద కూర్చుంటే గుంట పడ్డట్టు, హోల్ తన గుంటలో తానే కూరుకుంటుంది. పక్కకి పోవాలంటే ఆ నీళ్ళన్నీ మళ్ళీ తిరగాలి. 2001లో జార్జియా టెక్‌లో షుస్టర్, లాండ్‌మన్ బృందం ఇంకో మెట్టు ముందుకెళ్ళి, సోడియం అయాన్లు ఎక్కడ నిలబడ్డాయన్నదే హోల్ కదలాలా ఆగాలా అన్నది తేలుస్తుందనీ, అవే గేటు కాపలాదారులనీ వాదించింది. నాకు ఆ వాదన నచ్చుతుంది. పూర్తి కథ అదేనని మాత్రం అనను.

ప్రోటాన్ సంగతి మర్చిపోకండి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న గ్వానైన్ ఆమ్లంలా మారి తన ప్రోటాన్‌ని ఎదురుగా ఉన్న సైటోసిన్ వైపు నెడుతుంది. మామూలు నీటి బదులు భారజలం వాడితే హోల్ ప్రయాణం మందగిస్తుందని గీసే బృందం 2001లో చూపింది. హైడ్రోజన్ బరువు మార్చితే కరెంటు మారుతోందంటే ఎలక్ట్రాన్ ఒంటరిగా పోవడం లేదన్నమాట. ఇక హోల్ ఆగినచోట నీటి అణువు ఒకటి వచ్చి చర్య జరిపితే ప్రయాణం అక్కడితో సరి. మిగిలేది 8-ఆక్సోగ్వానైన్, దెబ్బతిన్న బేస్.

మీ థీసిస్‌కి పనికొచ్చే సలహా ఒకటి. ద్రావణిని “నేపథ్యం” అని రాయకండి. పూర్తిగా ఎండబెడితే డీఎన్‌ఏ ఆకారం చెడుతుంది. ఉప్పు పూర్తిగా తీసేసి శుద్ధమైన నీళ్ళలో పెడితే ఫాస్ఫేట్లు ఒకదాన్నొకటి తోసుకొని రెండు పోగులూ విడిపోతాయి. చుట్టూ ఉన్నది తీసేసి “ఒట్టి డీఎన్‌ఏ”ని కొలుద్దామంటే, కొలవడానికి డీఎన్‌ఏ మిగలదు.

*

“నీటి బదులు ఇతర ద్రావణుల్లో పెడితే వాహకత పెరుగుతుందా, తగ్గుతుందా?”
— కెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం

పెరిగిన కేసు ఒకటి గట్టిగా తెలుసు. అదీ మీ ల్యాబు అలమరాలో ఉండే ఇథనాల్‌తోనే.

డీఎన్‌ఏకి నీళ్ళు తగ్గితే ఒళ్ళు ముడుచుకునే గుణం ఉంది. దీన్ని మొదట స్పష్టంగా చూసింది రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గోస్లింగ్. లండన్ కింగ్స్ కాలేజీలో ఉప్పు ద్రావణాల సాయంతో కెమెరాలోని తేమను అదుపు చేస్తూ డీఎన్‌ఏ పోగులకు ఎక్స్-రే ఫోటోలు తీసేవాళ్ళు. తేమ 75 శాతం దగ్గర ఉంటే ఒక రకం చిత్రం, 92 శాతానికి పెంచితే ఇంకో రకం. మొదటిది ఏ-రూపం, రెండోది బీ-రూపం. 1952 మేలో తీసిన పేరుమోసిన 51వ నంబరు ఫోటో బీ-రూపానిది. ఏ-రూపం పొట్టిగా, లావుగా ఉంటుంది. మెట్టుకి మెట్టుకి ఎత్తు తేడా 0.34 నుంచి సుమారు 0.26 నానోమీటరుకి తగ్గుతుంది, మెట్లు వాలిపోతాయి.

గాలిలో తేమ తగ్గించి చేసిన పనినే ద్రావణంలో ఆల్కహాల్ కలిపి చేయొచ్చు. 2015లో కాలిఫోర్నియాలో జాషువా హిహాత్, సియాటిల్‌లో ఎం.పి. అనంతరామ్ బృందాలు కలిసి నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక ఫలితం ప్రచురించాయి. ఒకే వరస ఉన్న డీఎన్‌ఏ ముక్కని మొదట నీటి బఫర్‌లో, తర్వాత 80 శాతం ఇథనాల్‌లో కొలిచారు. బీ-రూపం ఏ-రూపంగా మారింది, వాహకత దాదాపు పదింతలు పెరిగింది. బేస్‌లు మార్చలేదు, జంటల లెక్క మార్చలేదు, చుట్టూ పోసిన ద్రవం మార్చారంతే. ఏ-రూపంలో ఎలక్ట్రాన్ స్థితులు ఎక్కువ బేస్‌ల మీదికి పరచుకుంటాయని వాళ్ళ లెక్కలు చెప్పాయి.

మీరు కెమిస్ట్రీవారు కాబట్టి ఇంకో మాట. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 25 డిగ్రీల దగ్గర సుమారు 78, ఇథనాల్‌ది 24. ఆల్కహాల్ పెరిగేకొద్దీ సోడియం అయాన్లు ఫాస్ఫేట్లని మరింత గట్టిగా పట్టుకుంటాయి, ఆవేశం చెల్లిపోతుంది, అణువులు ఒకదానికొకటి చేరి కిందికి దిగుతాయి. తెనాలి మాస్టారి గ్లాసులో స్పిరిట్ పోయగానే తెల్లటి దారాలు కనబడింది ఇందుకే. వాహకత కొలిచేవాడికి మాత్రం ఇది తలనొప్పి: అణువును ఏ-రూపంలోకి మార్చేంత ఆల్కహాల్ కావాలి, అణువులు ముద్దకట్టి మునిగిపోయేంత ఉండకూడదు.

అసలు నీళ్ళే లేకుండా? కోలిన్ క్లోరైడ్, యూరియా కలిపిన ద్రవంలో చుక్క నీరు లేకపోయినా డీఎన్‌ఏ హెలిక్స్ నిలబడుతుందని 2010లో జార్జియా టెక్‌లో నికొలస్ హడ్ బృందం చూపించింది. నీళ్ళు లేకపోతే డీఎన్‌ఏ లేదని పాఠం చెప్పే మాబోటి వాళ్ళం ఆ వాక్యం సరిదిద్దుకోవాల్సి వచ్చింది.

*

“సిలికాన్‌కి బదులు డీఎన్‌ఏ తీగలతో చిప్‌లు వస్తాయంటారు. నా ఉద్యోగం ఉంటుందా అండీ?”
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

డీఎన్‌ఏ వల్ల పోదు, నిశ్చింతగా ఉండండి. గాలిలో తేమకి వేల రెట్లు మారిపోయే తీగతో చిప్ చేయడానికి ఎవరు ఒప్పుకుంటారు? టెక్నియాన్ వాళ్ళు 1998లోనే తెలివైన పని చేశారు. డీఎన్‌ఏ మోయదని తేల్చుకొని, దాన్ని అచ్చుగా వాడి దాని మీద వెండి పట్టించి 12 మైక్రోమీటర్ల వెండి తీగ తయారుచేశారు.

అసలు ఉపయోగం సెన్సర్లలో కనిపిస్తోంది. జంటల్లో ఒక్క బేస్ తప్పుగా కూర్చున్నా వాహకత మారుతుందని 2005లో టావో, హిహాత్ బృందం ఒక్కో అణువు మీద చూపింది. అలాంటి తప్పులను పట్టుకునే పరికరం నీళ్ళలో పనిచేయాలి, రక్తంలాంటి నమూనాల్లో పనిచేయాలి. ఇక్కడ తేమ శత్రువు కాదు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, కరెంటు అసలు మెట్ల గుండా పోదనీ వెన్నెముక గుండా పోతుందనీ 2020లో ఇజ్రాయెల్ నుంచి డానీ పొరాత్ బృందం కొలిచింది. రెండు పోగుల వెన్నెముకలూ ఒక్కొక్క చోట తెగితే చాలు, కరెంటు ఆగిపోయింది. వాళ్ళ డీఎన్‌ఏ పొడిగా, రెండు బంగారు కణాల మధ్య ఉంది. నీళ్ళలో ఉన్న డీఎన్‌ఏకి ఇదే వర్తిస్తుందని వెంటనే అనుకోకండి.

*

“పక్క డాబా మీద సెల్ టవర్ పెట్టారు. దాని కరెంటు మా పిల్లల డీఎన్‌ఏలోకి పోతుందా?”
— గృహిణి, నెల్లూరు

సెల్ టవర్ తరంగాలకి అణువులోంచి ఎలక్ట్రాన్‌ని ఊడబెరికే శక్తి లేదమ్మా. ఎక్స్-రేలకి ఉంది. అక్కడ కూడా జరిగే హాని చాలావరకూ నీళ్ళ దారినే వస్తుంది: ఎక్స్-రే నీటి అణువును విడగొడుతుంది, అందులోంచి పుట్టే హైడ్రాక్సిల్ ముక్క వెళ్ళి డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది. అందుకే అవసరం లేకుండా ఎక్స్-రే తీయించుకోవద్దంటారు. టవర్ గురించి ఆ భయం అక్కర్లేదు.

*

“మా సైన్స్ ఫెయిర్‌కి ఇంట్లో చేయగలిగేది ఏదైనా చెప్పండి తాతగారూ. నాకు డీఎన్‌ఏ, తేమ రెండూ ఉండాలి.”
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, కరీంనగర్

ఉంది తల్లీ. ఉల్లిపాయ డీఎన్‌ఏ తీసి, స్పిరిట్ మూడు వంతులు నీళ్ళు ఒక వంతు కలిపిన దాంట్లో రెండుసార్లు ముంచి ఉప్పు కడుగు. అట్టముక్క మీద రెండు రాగి తీగలు దగ్గర దగ్గరగా అతికించి, వాటి మధ్య దాన్ని పల్చగా పరిచి ఆరనివ్వు. పక్కనే ఇంకో అట్టముక్క మీద అలాగే రెండు తీగల మధ్య నూలు దారం ఒకటి పెట్టు. డీఎన్‌ఏ లేకపోయినా ఏం జరుగుతుందో తెలియాలి కదా. ఇప్పుడు రెండు మూత ఉన్న డబ్బాలు తీసుకో. ఒకదాని అడుగున కిరాణా ఉప్పు, తడిసి ముద్దయ్యేటంత నీళ్ళు. మూత పెడితే లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది, అంటే ఫ్రాంక్లిన్ ఏ-రూపం చూసినంత తేమ. రెండో దాంట్లో కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు. అట్టముక్కలు రెండూ ఒక రోజు ఒక డబ్బాలో, మర్నాడు రెండో దాంట్లో ఉంచి, మూత తీసిన వెంటనే మీటరు పెట్టి చూడు. మీటరు కొలవగలిగిన హద్దు దాటిపోతే “హద్దు దాటింది” అని రాసుకో, అదీ ఫలితమే.

నీకూ, తెనాలి మాస్టారి పిల్లలకీ కలిపి ఒక్క కోరిక. అంకెలు నాకు పంపేటప్పుడు పక్కన ఇంకో గడి గీయండి: ఆ రోజు తేదీ, వాన పడిందా లేదా, గదిలో తేమ ఎంత. ఆ గడి లేని ఉత్తరానికి నేను జవాబు రాయను.